రబ్బరు చేపకు ఈత నేర్పిన శుక్రవారాలు

ఖతార్‌లోని మెసయీద్‌లో కంపెనీ మాకిచ్చిన ఇంట్లో ఫ్రీజర్ చిన్నది. పై అర నా భార్యది, కింది అర నాది. ఆమె అరలో తురిమిన కొబ్బరి ప్యాకెట్లు, పచ్చి బఠాణీలు, సెలవుకు వెళ్ళినప్పుడు మోసుకొచ్చిన గోంగూర ఉండేవి. నా అరలో గాలానికి గుచ్చే రొయ్యలు, స్క్విడ్ అనే మెత్తని తెల్లని సముద్రజీవి ముక్కలు ఉండేవి. మేము శాకాహారులం. చేప వండని ఇంట్లో చేపల ఎర కాపురముండడం ఏ శాస్త్రం ఒప్పుకుంటుందని నా భార్య అడిగినప్పుడల్లా మాట మార్చి ఐదేళ్లు నెట్టుకొచ్చాను. పట్టిన చేప వేరొకరి వంటింటికి పోతుంది. గాలం తాడు చేతిలో ఒక్కసారిగా బిగిసే ఆ క్షణం మాత్రమే నాది. ఇందులోని ధర్మసూక్ష్మాన్ని ఆమెకు వివరించే సాహసం నేనెన్నడూ చేయలేదు.

ప్రాచ్యకళాశాలలో సంస్కృతాంధ్రాలు చదువుకుని, ఉపాధ్యాయ పదవి దొరకక, ఇక్కడి ఎరువుల కర్మాగారంలో స్టోర్ కీపర్‌గా కుదురుకున్నవాణ్ణి నేను. వ్యాకరణానికి అలవడిన బుద్ధి నట్లకూ బోల్టులకూ బాగానే అక్కరకు వచ్చింది. ప్రతి వస్తువుకూ ఒక అర, ప్రతి అరకూ ఒక చీటీ. చీటీ లేని వస్తువు నా స్టోర్‌లో ఉండదు. అటువంటి నేను ఇంట్లో చేసిన నిర్వాకం ఏమిటంటే, వాసన రాకుండా ఉంటుందని స్క్విడ్ ముక్కలను ఖాళీ అయిన కొబ్బరి ప్యాకెట్‌లోకి మార్చి, చీటీ అంటించకుండా పెట్టాను.

ఒక శనివారం ఉదయం ఇంటికి నలుగురు అతిథులు టిఫినుకు వచ్చారు. ఇడ్లీలు ఉడుకుతున్నాయి. మిక్సీ గిన్నెలో పుట్నాలపప్పు, పచ్చిమిరపకాయలు పడ్డాయి. ప్యాకెట్ చించి, అందులోనిది వేయబోతూ నా భార్య ఆగిపోయింది. వంటింట్లోంచి కేక రాలేదు. కారప్పొడి డబ్బా వచ్చింది. ఆనాడు అతిథులు దానితోనే ఇడ్లీలు తిని వెళ్ళారు. తలుపు మూయగానే తీర్పు వెలువడింది.

"రేపటి నుంచి ఈ గడప లోపలికి రొయ్య రాకూడదు. దాని చుట్టాలెవరూ రాకూడదు."

ఆ సాయంత్రమే నా అర ఖాళీ చేశాను.

అయితే శుక్రవారాలు నా ఒక్కడివి కావు. దోహాలోని అబూ హమూర్ పేటలో ఒక ఖతారీ కుటుంబానికి కారు నడిపే మిత్రుడు ఒకడున్నాడు. నాకంటె పదిహేనేళ్లు చిన్న. కాకినాడ దగ్గరి తీరగ్రామంలో వలల మధ్య పుట్టి, ఈ ఎడారిలో పిల్లలను బడికి దింపే ఉద్యోగంలో పడ్డాడు. ఐదేళ్ల కిందట యజమాని కుటుంబాన్ని మెసయీద్ తీరానికి విహారానికి తీసుకొచ్చి, వారు ఇసుకలో ఆడుకుంటూ ఉండగా, తాను ఒక మూల చేతితాడు వేసుకుని కూర్చున్నాడు. చక్కెర వ్యాధికి విరుగుడుగా నడుస్తున్న నాకు, "రావే తల్లీ, రా, ఎంతసేపు సూడమంటావే" అని సముద్రాన్ని బతిమాలుతున్న తెలుగు వినిపించి కాళ్ళు ఆగిపోయాయి. నా కళ్ళద్దాలూ, జేబులోని రెండు కలాలూ చూసి అతడు నన్ను మాస్టారని పిలిచాడు. చదువు ఇప్పించలేని పదవిని అతడు అలవోకగా ఇచ్చాడు. ఇచ్చి, తాడు నా చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం తెల్లవారుతూనే నేను అబూ హమూర్ వెళ్ళి అతణ్ణి కారులో తీసుకురావడం, యజమాని మధ్యాహ్నపు జుమ్మా ప్రార్థనకు వెళ్ళే వేళకు గంట ముందు తిరిగి దింపడం ఒక వ్రతంగా సాగింది.

అతడికి ఒక ఆచారం ఉంది. ఎర గుచ్చే ముందు ఒక రొయ్యను ముల్లు లేకుండా నీటిలోకి విసురుతాడు. "మొదటి ముద్ద అమ్మదండి. ఆవిడకి ఏటీ ఎట్టకుండా మనం పట్టుకుపోతే దొంగతనం కాదేటండీ?" అంటాడు. తాతల నాటి అలవాటట. నేను కూడా అతడి పక్కన నిలిచి చేతులు జోడించేవాణ్ణి.

ఎర నిషిద్ధమైన వారంలోనే నా స్టోర్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే జగిత్యాల మనిషి ఒక పరిష్కారం పట్టుకొచ్చాడు. టీ వేళ జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"రొయ్యలతోని గింత లొల్లి ఎందుకు సార్? గిది సూడుండ్రి."

నాలుగంగుళాల రబ్బరు చేప అది. వీపు పచ్చన, పొట్ట వెండి వన్నె. తలలో సీసపు గుండు, వీపు మీద పైకి లేచిన ముల్లు. తోక చివర చిన్న గరిటెలాంటి బిళ్ళ. దీనిని స్విమ్‌బెయిట్ అంటారట. అమెరికా మంచినీటి చెరువులలో పెరిగే బాస్ అనే వెడల్పు నోటి చేప కోసం మొదట పుట్టిన ఎర ఇది. ఇక్కడి సముద్రపు రాళ్ళలో దాగే హమూర్ అనే చేప నోటి వైశాల్యంలోనూ, తిండిపోతుతనంలోనూ ఆ బాస్‌కు దాయాదిలాంటిది కనుక, అదీ ఈ ఎరకు లొంగుతుందట. క్యాంపులో తన గదిలోని ఫిలిప్పీన్స్ మిత్రుడు ఈ విద్యంతా తనకు నేర్పాడని చెప్పాడు.

"ఫ్రిజ్ వద్దు, వాసన లేదు, జేబుల పెట్టుకొని తిరుగొచ్చు. ఇంట్ల అమ్మకు ఏం ముష్కిల్ లేదు."

ఆ సాయంత్రమే దోహాలో ఉమ్ ఘువైలినా పేటలోని గాలాల దుకాణానికి వెళ్ళి, రెండు ప్యాకెట్ల రబ్బరు చేపలు, వాటికి తగిన సీసపు తలలు, నైలాన్ తీగ చుట్టిన రీలు బిగించిన ఒక కర్ర తెచ్చుకున్నాను. జీవిని చంపి జీవికి ఎర వేయనక్కరలేని ఉపాయం దొరికిందని మనసులో ఒకింత గర్వం కూడా కలిగింది. ఆ గర్వమే నన్ను ముంచింది.

శుక్రవారం తీరం చేరాక నా మిత్రుడు రొయ్యల సంచి కోసం వెతికాడు. నేను రబ్బరు చేపను చూపించాను.

"ఏటండీ ఇది?"

"ఎర."

"ఎరేటండీ? మా మేడం గారి సంటోడు నీళ్ళ తొట్టెలో ఆడుకునేది ఇలాగే ఉంటాది." నవ్వాడు. అంతలోనే నవ్వు ఆగింది. "మరి అమ్మకేటి ఎడతారండీ?"

అప్పుడు నేను చేసిన పనిని తలచుకుంటే నేటికీ చెవులు వేడెక్కుతాయి. నైవేద్యమన్నది పదార్థంలో లేదు, భావనలో ఉందని మొదలుపెట్టి ఒక ఉపన్యాసం ఇచ్చాను. అంతటితో ఊరుకోక, ఒక రబ్బరు చేప తోకను పళ్ళతో కొరికి, "ఇదిగో, మొదటి ముద్ద" అని నీటిలోకి విసిరాను. చమత్కారమనుకున్నాను.

అతడు ఆ తోక అలలలో తేలడం చూశాడు. మోకాళ్ళ లోతు నీటిలోకి దిగి, దానిని ఏరి తెచ్చి, నా అరచేతిలో పెట్టాడు.

"నన్ను దింపేయండి మాస్టారండీ. డ్యూటీ ఉంది."

అబూ హమూర్ చేరగానే దిగి, తలుపు మెల్లగా మూసి వెళ్ళిపోయాడు.

తరువాతి శుక్రవారం ఫోన్ చేస్తే, "డ్యూటీ అండి" అన్నాడు. ఆ పై శుక్రవారమూ డ్యూటీయే. ఒంటరిగా వెళ్ళాను. పంతం కూడా పెరిగింది. ఈ రబ్బరుతో ఒక్క చేపనైనా పట్టి చూపిస్తే అతడే దిగివస్తాడనుకున్నాను.

ఆ మొదటి రోజున దూరంగా విసిరి, కర్రను ఇసుకలో పాతి, మడత కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచాను. రొయ్య గుచ్చినప్పుడు చేతితాడును అలాగే వదిలి కూర్చునేవాళ్ళం. రెండు గంటలు గడిచాయి. లాగి చూస్తే రబ్బరు చేప ఎలా వెళ్ళిందో అలాగే వచ్చింది. పీత కూడా దాని మీద కాలు మోపినట్టు లేదు. ఆదివారం ఈ సంగతి చెప్పినప్పుడు ఫోర్క్‌లిఫ్ట్ మనిషి బండి దిగి మరీ నవ్వాడు.

"అయ్యో సార్! రొయ్యకు వాసనుంటది, పండుకున్నా చాప వస్తది. రబ్బర్‌కేముంటది? ఈతనే దాని పానం. గుంజాలె, జరంత ఆపాలె, మల్ల గుంజాలె. మీరు దాన్ని పండవెట్టి బుక్కు చదివిండ్రా?"

రెండవ వారం గుంజాను. చేప నీటిలో ఈదలేదు, గిరగిర తిరిగింది. తీగంతా మెలికలు పడి జడలా అల్లుకుపోయింది. ముల్లు వీపు నడిమధ్య నుంచి తిన్నగా బయటికి రావాలి, వెంట్రుకవాసి పక్కకు పోయినా చేప నిటారుగా నిలవదని సోమవారం తెలిసింది. స్టోర్‌లో ఫోర్క్‌లిఫ్ట్ మనిషి పక్కన కూర్చుని, ప్యాకింగ్ బల్ల మీద ఆరు చేపలకు ముల్లు గుచ్చి పాఠం నేర్చుకున్నాను. ఆరవది తిన్నగా కుదిరింది. ఒక సమాసం సక్రమంగా విగ్రహవాక్యంగా విడిపోయినప్పుడు విద్యార్థిదశలో కలిగిన ఆనందమే మళ్ళీ కలిగింది.

ఆ ఆనందంలో స్టోర్ కీపర్ బుద్ధి మేల్కొంది. చేపలన్నింటినీ ప్యాకెట్లలోంచి తీసి, గడుల ప్లాస్టిక్ పెట్టెలో రంగుల వారీగా సర్దాను. పచ్చవి ఒక గడి, తెల్లవి ఒక గడి, గులాబీవి ఒక గడి. ప్రతి గడికీ చీటీ. పెట్టెను కారు డిక్కీలో పెట్టి, పగలంతా డ్యూటీ చేశాను. ఏప్రిల్ ఎండ ఇక్కడ ఎవరి వర్గీకరణనూ మన్నించదు. గురువారం సాయంత్రం మూత తీస్తే చీటీలు మాత్రమే మిగిలాయి. అన్ని రంగులూ కరిగి, గడుల గోడలను కూడా మెత్తబరచి, ఏకమై ఉన్నాయి. రెండు కళ్ళు మాత్రం పైకి తేలి నా వైపే చూస్తున్నాయి.

ఫోర్క్‌లిఫ్ట్ మనిషి వంగి చూసి, "పులుసు మంచిగైంది సార్" అన్నాడు. "కొన్న సంచిలనే ఉంచాలె, ఇంట్ల నీడకుంచాలె. గిది ఎవ్వలైనా జేస్తరా?"

కొత్త ప్యాకెట్ కొన్నాను. ఆ రాత్రి నా మిత్రుడే ఫోన్ చేశాడు. ఆశగా ఎత్తాను. యజమాని పెద్దకూతురికీ, కొడుక్కీ లైసెన్సులు వచ్చేశాయట. ఇంక ఇంటికి డ్రైవర్ అక్కరలేదట.

"టికెట్ తీసేసారండి. ఇంకో నాలుగు శుక్రవారాలు, ఆ తర్వాత ఇక్కడ నేను మాఫీ, ఉండనండి. సెప్పకుండా ఎల్లిపోతే బాగోదని సేసాను."

"రేపు వస్తావా?" అని అడిగాను.

"డ్యూటీ ఉందండి" అన్నాడు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. నాలుగు శుక్రవారాలు మూడయ్యాయి. ఐదేళ్ల స్నేహం ఒక రబ్బరు తోక దగ్గర తెగి, విమానమెక్కి వెళ్ళిపోబోతోంది.

వారం గడిచాక గురువారం సాయంత్రం నా భార్య ఫ్లాస్కు కడుగుతూ అడిగింది. "ఆ అబ్బాయి రావడం లేదేమండీ? ప్రతి వారం టీ సగం మిగిలిపోతోంది."

"డ్యూటీ అట."

"ఇన్ని వారాల డ్యూటీయా? మీరేమైనా అన్నారా?"

చెప్పక తప్పలేదు. తోక కొరికిన సంగతి దగ్గర ఆమె ఫ్లాస్కు కింద పెట్టింది.

"కొరికి వేశారా? ఎంగిలిదా?"

ఎంగిలి మాట నాకు అప్పటివరకు తోచనే లేదు. తప్పు రెండింతలైంది.

"ఎర వద్దన్నది నువ్వే కదా" అన్నాను, ఏదో ఒకటి అనాలి కనుక.

"ఫ్రీజర్‌లో వద్దన్నాను. ఆ తల్లికి పెట్టవద్దన్నానా? రొయ్య లేకపోతే ఇంట్లో గోధుమపిండి లేదూ?" అని లేచి, పిండి తడిపి, చిటికెడు పసుపూ కొంత బెల్లమూ వేసి, గుప్పెడంత ముద్ద చేసి తడిగుడ్డలో చుట్టింది. "ఫోన్ చేయకండి. ఫోన్‌లో మళ్ళీ డ్యూటీ అంటాడు. వెళ్ళి ఎదురుగా నిలబడండి."

తెల్లవారేసరికి అబూ హమూర్‌లో ఆ ఇంటి గేటు ముందు ఉన్నాను. అతడు పెద్ద కారు అద్దాలు తుడుస్తున్నాడు. నన్ను చూసి కూడా తుడవడం ఆపలేదు.

"నేను చేసింది తప్పు నాయనా. నీ అమ్మను పరిహాసమాడాను. పైగా ఎంగిలి చేసి వేశాను" అన్నాను. అంతకంటె మంచి వాక్యం కుదరలేదు. దారి పొడవునా కూర్చుకున్న వాక్యాలన్నీ ఎక్కడికో పోయాయి.

అతడు గుడ్డను పిండాడు. "మీరు పెద్దోరండి. సదువుకున్నోరు. ఇంకోడంటే నవ్వీసి ఊరుకుందును. మీరన్నారని నాలుగు రోజులు అన్నం సయించలేదండి."

నేను తెచ్చిన తడిగుడ్డలోని పిండిముద్దను ముందుకు చాపాను. "ఇది మా ఆవిడ పంపింది. మొదటి ముద్ద."

అతడు చేతులు కారు తుడిచే గుడ్డకు కాదు, చొక్కాకు తుడుచుకుని మరీ అందుకున్నాడు. వాసన చూశాడు. "పసుపేసారేటండీ అమ్మగారు?"

"బెల్లం కూడా."

"అయితే మీలాగే సేపలకీ సుగరొచ్చేత్తాదండి." ముఖం విప్పారింది. బకెట్టు గేటు లోపల పెట్టి వచ్చాడు. "జుమ్మాకి గంట ముందు ఇక్కడుండాలి. యల్లా, పదండి."

ఆ ఉదయం సముద్రం పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉంది. రాళ్ళ వరుస నీటిలోకి దిగే చోట నిలిచి, అతడు పిండిని చిటికెడు చిటికెడుగా తుంచి, పెదవులు కదుపుతూ నీటికి సమర్పించాడు. చిన్న చేపలు వచ్చి మూగాయి. నేను చేతులు జోడించి, ఈసారి ఏ వ్యాఖ్యానమూ చేయలేదు. అంతలో ఆ చిన్న చేపల గుంపు ఒక్కసారిగా చెదిరిపోయింది.

"అదిగో! కింద ఎవరో ఉన్నారండి. పెద్దోరే" అన్నాడు గొంతు తగ్గించి. "ఏయండి మీ బొమ్మని."

వేశాను. నేర్చుకున్న పాఠం ప్రకారం రీలు తిప్పాను. ముల్లు తిన్నగా ఉంది, చేప నిటారుగా వచ్చింది. మళ్ళీ వేశాను. ఐదుసార్లు వేశాను. పక్కన అతడి కాళ్ళు ఇసుకలో నిలవడం లేదు.

"మాస్టారండీ, మీ సేప కవాతు సేత్తందండి."

"తిన్నగా రావాలని చెప్పారు."

"పోలీసోళ్ళు రావాలండి తిన్నగా. సేప ఎక్కడైనా అలా పోద్దేటండీ?"

"బొమ్మ అన్నావు కదా, నీకెందుకు?"

"బొమ్మేనండి. బొమ్మనైనా ఆడించడం రావాలి కదండీ! ఇలా ఇవ్వండి."

కర్ర లాక్కున్నాడు. రీలు ఎటు తిరుగుతుందో అడిగాడు. విసిరాడు. సీసపు తల నీటి అడుగున నేలను తాకేవరకు ఆగి, కర్ర కొనను మణికట్టుతో చిన్నగా ఎత్తాడు, దించాడు, రెండు చుట్లు చుట్టాడు, ఆగాడు. "దెబ్బ తిన్న సేప గుంపుతో పోలేదండి. నాలుగు బారలు ఈదుద్ది, అలిసిపోద్ది, పడిపోద్ది. మళ్ళీ లెగుద్ది. మింగీవోడు దాని కోసమే సూత్తా ఉంటాడు." చిన్ననాడు వలలోంచి జారిపోయే చేపలను ఎన్ని చూశాడో, ఆ కుంటి నడకంతా అతడి మణికట్టులో ఉంది. నీటి అడుగున నాకేమీ కనబడకపోయినా, ఆ రబ్బరు ముక్కకు ప్రాణం వచ్చిందని ఒడ్డున నిలబడిన నేనే నమ్మాను.

నాలుగవ విసురులో కర్ర విల్లులా వంగింది.

"హమూరండి! రాళ్ళలోకి దూరిపోద్ది, ఎనక్కి, ఎనక్కి!" అని నన్ను కాలితో నెడుతూ, తాను వెనక్కి నడుస్తూ, ఒక్క మూర తీగైనా వదలకుండా లాగాడు. మోచేయి పొడవు చేప, గోధుమరంగు మచ్చలతో, అవమానించబడిన జమీందారులా నోరు తెరుచుకుని ఇసుక మీదికి వచ్చింది. దాని నోట్లోంచి రబ్బరు చేపను ఊడదీసి, వెలుతురుకెత్తి అటూ ఇటూ తిప్పి చూసి, అతడు పకపక నవ్వాడు.

"నమ్మీసింది మాస్టారండీ! ఎర్రిమొకంది, నమ్మీసింది!"

ఆ చేప యజమాని ఇంటి వంటవానికి చేరింది. తరువాతి శుక్రవారం గేటు ముందుకు నేను చేరేసరికి అతడే బయట నిలబడి ఉన్నాడు. పిండిముద్ద ఏదని అడిగి, కర్ర ఏదని అడిగి, ఆ తరువాత నా ఆరోగ్యం అడిగాడు. ఆ రోజున కర్ర నా చేతికి రాలేదు. అడగడానికి మొగమాటపడి, నేను ముళ్ళు గుచ్చే ఉద్యోగంలో స్థిరపడ్డాను. వెంట్రుకవాసి పక్కకు పోయినా అతడు తిప్పి పంపేవాడు.

చివరి శుక్రవారం వచ్చింది. ఆదివారం అతడి విమానం. ఎండ చురుక్కుమంటున్నా అతడు కదలడం లేదు. వేళైందని గుర్తుచేస్తే, "ఇదే ఆఖరిదండి" అన్నాడు. ఆఖరిది ఏడుసార్లు వేశాక, కర్ర నా చేతిలో పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగాడు.

"ఇప్పుడు మీరేయండి. నేను సూత్తాను."

వేశాను. ఎత్తాను, దించాను, ఆగాను. "తొందర, తొందర" అని వెనుక నుంచి గొణిగాడు. ఇంకా నెమ్మదిగా ఆడించాను. మోకాళ్ళ లోతు నీటి దాకా వచ్చేసరికి నా రబ్బరు చేప వెనుక ఒక నల్లని నీడ కనబడింది. వచ్చింది, ముక్కుతో తాకినంత దగ్గరగా వచ్చింది. నా చేయి ఆగలేదు, ఆత్రంగా చుట్టేశాను. నీడ తిరిగి వెళ్ళిపోయింది.

"అయ్యయ్యయ్యో!" అని అతడు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "ఆగాలండి! అక్కడ ఆగాలండి! అది నమ్ముదామనే వచ్చింది, మీరే కంగారెట్టి తరిమేశారు!"

కారు ఎక్కాక కూడా అదే మాట. రీలు లేకుండా, కర్ర లేకుండా, ఒట్టి మణికట్టును డ్యాష్‌బోర్డు మీద ఆడిస్తూ, ఎత్తడం ఎంత, దించడం ఎంత, ఆగడం ఎంతసేపో చూపించాడు. నా కుడిచేతిని పట్టుకుని ఆడించబోయాడు. గేరు మార్చాలని విడిపించుకున్నాను. అబూ హమూర్‌లో ఆ గేటు ముందు కారు ఆపాను. లోపలి నుంచి ఎవరో అతణ్ణి పిలిచారు. "వత్తన్నానండీ" అని అటు తెలుగులోనే కేకేసి, తలుపు తీయకుండా మళ్ళీ నా వైపు తిరిగాడు.

"ఊపిరి బిగబట్టి మూడు లెక్కెట్టండి, అప్పుడు కదపండి. ఏదీ, ఒకసారి సేసి సూపించండి."

స్టీరింగు మీద నుంచి చేయి తీసి, చూపించాను.

"తొందర" అన్నాడు. "మళ్ళీ."